ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు
(కంప్యూటర్ కష్టాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: సార్, నమస్కారం. మాది కాకినాడ. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా అన్నయ్య కోసం 2019లో నాన్న చీటీ పాడి కొన్న డెస్క్‌టాప్‌ను ఇప్పుడు నేను వాడుతున్నాను. రైజెన్ 5 2600, బీ450 బోర్డు, 3000 స్పీడు 8 జీబీ ర్యాములు రెండు, జీటీఎక్స్ 1660 గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే డబ్బా). పోయిన శనివారం రాత్రి ఒక వీడియో చూసి బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే బోర్డు సొంత ప్రోగ్రాం) మల్టిప్లయర్ (ప్రాసెసర్ స్పీడును నిర్ణయించే గుణకం) 42, వోల్టేజీ 1.45, ర్యాము స్పీడు 3466 పెట్టి సేవ్ చేశాను. రీస్టార్ట్ అయింది, అంతే. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, మానిటర్‌లో మాత్రం నో సిగ్నల్ అని వస్తోంది. బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతోంది. బ్యాటరీ తీసి పది నిమిషాలు ఉంచి మళ్లీ పెట్టాను. ఆ పది నిమిషాలూ బోర్డు అంచున ఉండే ఎర్ర గీత లైటు వెలుగుతూనే ఉంది కాబట్టి కరెంటు బాగానే వస్తున్నట్టుంది. కార్డు తీసేసి హెచ్‌డీఎంఐ కేబుల్ బోర్డుకే పెట్టి చూశాను, అప్పుడూ రాలేదు. షాపులో చూపిస్తే బోర్డు పోయింది, 7,500 అవుతుందన్నారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నిజంగా పోయిందా సార్?
- పేరు రాయవద్దన్న పాఠకుడు, కాకినాడ

జవాబు: బాబూ, నీ బోర్డు పోలేదనే నా నమ్మకం. అలా అనడానికి కారణాలు నువ్వు రాసిన ఉత్తరంలోనే ఉన్నాయి. నువ్వు ఏం చేశావో, ఏం చూశావో వరసగా రాశావు కాబట్టి నా పని సగం తగ్గింది.

బ్యాటరీ తీసిన పది నిమిషాలూ ఎర్ర గీత వెలుగుతూనే ఉందన్నావు. అంటే గోడ ప్లగ్గు పీకలేదు. అసలు సంగతంతా అక్కడే ఉంది. కంప్యూటర్‌ను ఆఫ్ చేసినా, ప్లగ్గు ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది. 24 పిన్నుల కనెక్టర్‌లో ఊదారంగు తీగ ఉంటే అది దానిదే. (ఈ మధ్య వచ్చే వాటిలో అన్ని తీగలూ నలుపే.) బయోస్ సెట్టింగులను నిలబెట్టడానికి నాణెం బ్యాటరీ అవసరమయ్యేది ప్లగ్గు తీసి ఉన్నప్పుడు. ప్లగ్గు ఉంటే ఆ పని స్టాండ్‌బై కరెంటే చేస్తుంది. కాబట్టి నువ్వు బ్యాటరీ తీసినా 42, 1.45, 3466 మూడూ ఉన్నచోటే ఉన్నాయి. బోర్డు ప్రతిసారీ ఆ అంకెలతోనే లేవబోయి ఆగిపోతోంది.

ఇక హెచ్‌డీఎంఐ సంగతి. రైజెన్ 5 2600లో గ్రాఫిక్స్ భాగం లేదు. ఆ కాలం రైజెన్లలో పేరు చివర జీ ఉన్న 2400జీ, 3400జీ లాంటివాటికే అది ఉంటుంది. బోర్డు వెనక పోర్టు ఉన్నా నీ ప్రాసెసర్‌తో అందులోంచి ఎప్పటికీ బొమ్మ రాదు. కార్డు తీసేసి చేసిన ఆ పరీక్షను లెక్కలోంచి తీసెయ్. షాపువాళ్లు కూడా అదే పరీక్ష చేసి బోర్డు పోయిందని ఉంటే ఆ మాటనూ లెక్కలోకి తీసుకోవద్దు. వేరే ర్యాము వేసి చూశారా, పనిచేస్తున్న ఇంకో ప్రాసెసర్ పెట్టి చూశారా అని మర్యాదగానే అడుగు. ఈ రెండూ చేయకుండా బోర్డు పోయిందని తేల్చడం నాకు అస్సలు నచ్చదు. చీటీ డబ్బుతో కొన్న వస్తువు గురించి ఒక మాట అనే ముందు పావుగంట కేటాయించాలి.

మూడోది డీర్యామ్ దగ్గరి ఎర్ర లైటు. ఆన్ చేయగానే బోర్డు ముందు ప్రాసెసర్‌ను, తర్వాత ర్యామును, తర్వాత గ్రాఫిక్స్ కార్డును, చివరికి విండోస్ ఉన్న డిస్క్‌ను చూసుకుంటుంది. ఎక్కడ ఆగితే అక్కడి లైటు వెలుగుతుంది. నీది ప్రాసెసర్ దాటి ర్యాము దగ్గర నిలబడింది. 2600కు ఏఎండీ చెప్పిన ర్యాము స్పీడు 2933. నీ ర్యాములు 3000వి. 3466 మీదే నా అనుమానం.

ఇప్పుడు ఇలా చెయ్. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపు. కేబుల్‌ను గోడ దగ్గరే కాదు, ఎస్‌ఎంపీఎస్ వెనక నుంచి కూడా పీకెయ్. తర్వాత క్యాబినెట్ పవర్ బటన్‌ను పదిహేను సెకన్లు నొక్కి పట్టుకో. ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగొచ్చు, కెపాసిటర్లలో మిగిలిన కరెంటు అలా పోతుంది. ఎర్ర గీత పూర్తిగా ఆరిందో లేదో కళ్లారా చూడు. ఆరేదాకా ముందుకు వెళ్లొద్దు.

క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుము భాగాన్ని ఒకసారి చేత్తో తాకి, గ్రాఫిక్స్ కార్డు తియ్. చాలా బోర్డుల్లో బ్యాటరీ దాని కిందే ఉంటుంది. బ్యాటరీని పక్కనున్న చిన్న క్లిప్పును గోటితో వెనక్కి నెట్టి తియ్, స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు. మల్టీమీటర్ ఉంటే కొలువు. కొత్త సీఆర్2032 మూడు వోల్టులు దాటి చూపిస్తుంది. 2.8 కంటే తగ్గితే మార్చెయ్, వాచీ షాపులో దొరుకుతుంది. అయిదేళ్లు దాటిన బోర్డు కాబట్టి మార్చడమే మంచిది. బ్యాటరీ బయట ఉండగానే సీమాస్ క్లియర్ పిన్నులు, అంటే బయోస్ సెట్టింగులను చెరిపే పిన్నులు వెతుకు. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు రాస్తుంది: జేబ్యాట్1 అనో, సీఎల్‌ఆర్ సీమాస్ అనో, సీఎల్‌ఆర్‌టీసీ అనో ఉంటుంది. రెండు పిన్నులే ఉంటే స్క్రూడ్రైవర్ మొనతో రెండింటినీ కలిపి పది సెకన్లు పట్టుకో. ఇది ప్లగ్గు పీకి ఉన్నప్పుడే చేయాలి. చుట్టుపక్కల పిన్నులకు మొన తగలకూడదు. ఫోన్ లైటు వేసుకుని, పక్కన ఎవరినైనా పట్టుకోమని నిదానంగా చెయ్.

తర్వాత రెండు ర్యాములూ తియ్. బంగారు రంగు పళ్లను తెల్లటి మెత్తని ఎరేజర్‌తో నాలుగుసార్లు రుద్ది, పొడి స్లాట్‌లో పడకుండా పొడి గుడ్డతో తుడిచెయ్. కాకినాడలో సముద్రం గాలికి ఆ పళ్ల మీద మసక పొర పడుతుంది, నేను చాలాసార్లు చూశాను. ఒక్క ర్యామునే, నీ బోర్డులో నాలుగు స్లాట్లు ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో, రెండు చివరలా టక్కుమనేదాకా నొక్కు. రెండే స్లాట్లుంటే ఏదైనా పరవాలేదు, రాకపోతే రెండోదాంట్లో చూడు. బ్యాటరీ పెట్టు, ప్లస్ గుర్తు పైకి ఉండాలి. గ్రాఫిక్స్ కార్డు పెట్టి, దానికి వచ్చే పవర్ కనెక్టర్ మరిచిపోకుండా బిగించి, మానిటర్ కేబుల్‌ను కార్డుకే పెట్టు.

ఆన్ చేసి చేతులు కట్టుకుని కూర్చో. చాలామంది పాడుచేసేది ఇక్కడే. సెట్టింగులు పోయాక బోర్డు ర్యామును మళ్లీ మొదటి నుంచి పరీక్షించుకుంటుంది. ఒకటి రెండుసార్లు దానంతట అదే ఆగి మళ్లీ లేవచ్చు. మూడు నిమిషాలు ఏ బటనూ ముట్టుకోకు. రాకపోతే రెండో ర్యాముతో, తర్వాత ఇంకో స్లాట్‌తో ప్రయత్నించు. ప్రతిసారీ ప్లగ్గు పీకాకే ర్యాము మార్చాలి.

ఇంత చేసినా డీర్యామ్ లైటు ఆరకపోతే స్నేహితుడి కంప్యూటర్‌లోంచి మామూలు 2400 స్పీడు డీడీఆర్4 ర్యాము ఒకటి అడిగి తెచ్చి చూడు. లైటు ప్రాసెసర్ గుర్తుకు మారితే బోర్డు పైమూలన 8 పిన్నుల కనెక్టర్ సరిగా కూర్చుందో లేదో చూడు. బోర్డుకు ఫ్లాష్ బయోస్ బటన్ ఉంటే అదింకో దారి. ఫ్యాట్32 చేసిన పెన్‌డ్రైవ్‌లో కంపెనీ సైటు నుంచి దించిన బయోస్ ఫైలును మాన్యువల్లో చెప్పిన పేరుతో పెట్టాలి. అది రాసుకుంటున్నప్పుడు కరెంటు పోతే బోర్డు నిజంగానే మొండికేస్తుంది. కాబట్టి యూపీఎస్ లేకుండా చేయొద్దు.

జవాబు అచ్చయ్యేదాకా నువ్వు ఆగలేవని ఇంతవరకూ నీకు ముందే మెయిల్‌లో పంపాను. నాలుగో రోజున నీ రెండో ఉత్తరం వచ్చింది. “సార్, లైటు ఆరింది, డిస్‌ప్లే వచ్చింది! కానీ విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. నా దగ్గర ఏ కీ లేదు, నా ప్రాజెక్టంతా డ్రైవ్‌లో ఉంది” అని. ఈ ముక్క ఇంకా చాలామందికి అవసరం కాబట్టి ఇక్కడే చెబుతున్నాను.

విండోస్ 11లో డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్ తాళం పడి ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయిన కంప్యూటర్లలో మనం అడగకుండానే పడటమూ ఉంది. ఆ తాళం తీసే రహస్యం ఎఫ్‌టీపీఎం అనే భాగంలో భద్రంగా ఉంటుంది. సెట్టింగులన్నీ చెరిపేస్తే పాత బయోస్‌లున్న బోర్డుల్లో ఆ ఎఫ్‌టీపీఎం ఆఫ్ అయిపోతుంది. దాంతో విండోస్ కీ అడుగుతుంది. ఏదీ ఫార్మాట్ చేయకుండా బయోస్‌లోకి వెళ్లి ఎఫ్‌టీపీఎం ఆన్ చెయ్. బూట్ మోడ్ యూఈఎఫ్‌ఐలో ఉందో లేదో, సెక్యూర్ బూట్ ముందెలా ఉండేదో చూసి అలాగే పెట్టు. చాలాసార్లు దాంతోనే విండోస్ కీ అడగకుండా తెరుచుకుంటుంది. ఎఫ్‌టీపీఎంను రీసెట్ చేయాలా అని వై, ఎన్ అక్షరాలతో అడిగితే, కీ చేతిలో ఉందని తేలేదాకా ఎన్ మాత్రమే నొక్కు. వై నొక్కితే లోపలి రహస్యం చెరిగిపోతుంది. అప్పుడిక ఆ 48 అంకెలు ఉండాల్సిందే.

కీ ఎక్కడుంటుంది? విండోస్‌లో సైన్ ఇన్ అయిన మైక్రోసాఫ్ట్ అకౌంట్లో. ఫోన్లోనే ఆ అకౌంట్ తెరిచి రికవరీ కీలు అన్నచోట చూడొచ్చు. నీకు విండోస్ 11 వేరేవాళ్లెవరైనా వేసి, తన మెయిల్ ఐడీతో సైన్ ఇన్ చేసి ఉంటే కీ అతని దగ్గర ఉంటుంది, ఫోన్ చేసి అడుగు. దొరికాక కాగితం మీద రాసి ఇంట్లో బీరువాలో పెట్టు.

ఇక ఓవర్‌క్లాక్ గురించి, అంటే కంపెనీ చెప్పిన స్పీడు దాటించడం గురించి. దాన్ని తప్పని నేను చెప్పను. 1999లో నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో సెలెరాన్ 300ఏ అనే ప్రాసెసర్ ఉండేది. దాని మల్టిప్లయర్ 4.5 దగ్గర లాక్ అయి ఉండేది. బోర్డు బస్సును (మల్టిప్లయర్‌తో గుణించే మూల స్పీడును) 66 నుంచి 100కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్‌ది 450లో నడిచేది, అదీ ఎక్కువగా ఎదురుతిరక్కుండా. పెంటియం కొనలేని ఇళ్లలో అది పెద్ద వరం. విజయవాడ గవర్నర్‌పేటలో మా బెంచీ మీద మొదటిసారి స్క్రీన్ మీద 450 అని పడినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. అందుకే నీ ఉబలాటం నాకు అర్థమవుతుంది.

కానీ అప్పట్లో ప్రాసెసర్లలో అంత ఖాళీ వదిలి అమ్మేవారు. ఇప్పుడు కంపెనీయే చాలావరకు పిండేసి పంపుతోంది. నీ 2600 తనంతట తాను 3.9 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లగలదు. వేడి లెక్క చూడు: వేడి స్పీడుతో పాటు, వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది. అన్ని కోర్లూ పనిచేస్తూ 1.25 వోల్టుల దగ్గర 3.7లో నడిచేదాన్ని 1.45 వోల్టుల దగ్గర 4.2లో నడిపితే స్పీడు పెరిగేది 13 శాతం, వేడి పెరిగేది దాదాపు 50 శాతం. దానితో వచ్చిన కూలర్ 65 వాట్ల కోసం చేసింది. పైగా మే నెలలో మన కోస్తాలో గది వేడే 35 దాటుతుంది. వీడియోలో చూపించిన అంకె చూపించినవాడి ఏసీ గదిది, వాడి కూలర్‌ది, వాడి చిప్పుది. ఒకే మోడల్ రెండు చిప్పులు ఒకేలా పెరగవు.

ఒకేసారి మూడు అంకెలు మార్చడమే నువ్వు చేసిన అసలు పొరపాటు. ఆగిపోయినప్పుడు ఏది ఆపిందో తెలియకుండా పోయింది. మళ్లీ చేయాలనుకుంటే ముందు మంచి కూలర్ కొను. వోల్టేజీని 1.35 దాటనివ్వకు, నా బెంచీ మీద 2600కు నేను పెట్టుకున్న హద్దు అది. మల్టిప్లయర్‌ను 38తో మొదలుపెట్టి పావుచొప్పున పెంచు. ప్రతి మార్పునూ నోట్‌బుక్‌లో తేదీతో రాయి. ఒక్కో మెట్టు దగ్గర గంటసేపు లోడ్ పెట్టి వేడి చూడు. 95 డిగ్రీలు దాని చివరి హద్దు, 80 దాటితే వెనక్కి వచ్చెయ్. ర్యామును ఇంకోరోజు విడిగా చూసుకో. ఎక్స్‌ఎంపీ (ర్యామును దాని మీద రాసిన స్పీడులో నడిపే బయోస్ ఆప్షన్) ఆన్ చేసి దాని 3000 దగ్గరే ఉంచు, 1.35 వోల్టులు. పెన్‌డ్రైవ్ మీంచి మెమ్‌టెస్ట్86 అనే ర్యాము పరీక్ష ప్రోగ్రాం రాత్రంతా నడిపి ఒక్క తప్పు కూడా రాకపోతేనే నీ ప్రాజెక్టు ఫైళ్లు తెరువు. ర్యాము తడబడుతూ నడిస్తే కంప్యూటర్ ఆగకపోవచ్చు, ఫైళ్లు మాత్రం లోలోపల చెడొచ్చు. అది బయటపడేసరికి బ్యాకప్‌లోకి కూడా చెడ్డ కాపీయే వెళ్లి ఉంటుంది.

నాన్నగారికి ఈ సంగతి చెప్పు. చిన్న బ్యాటరీ ఖర్చుతో బాగుపడిందని కూడా చెప్పు.

ప్రశ్న: మేం హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. రెండు నెలల కిందట రైజెన్ 7 7700, బీ650 బోర్డు, డీడీఆర్5 6000 ర్యాము 32 జీబీ తీసుకున్నాను. ఎక్స్‌పో (ఎక్స్‌ఎంపీ లాంటిదే) ఆన్ చేసినప్పటి నుంచి పొద్దున ఆన్ చేస్తే నిమిషాల తరబడి డిస్‌ప్లే రావడం లేదు. భయమేసి పవర్ బటన్ నొక్కి ఆపేస్తున్నాను. మూడోసారికో నాలుగోసారికో వస్తోంది.
- ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు మధ్యలో ఆపేస్తున్నారు, అందుకే అది మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతోంది. డీడీఆర్5 బోర్డు ర్యాముతో ఏ టైమింగ్‌లో మాట్లాడాలో కొలుచుకునే పనిని ట్రైనింగ్ అంటారు. దానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, ఆ సమయంలో స్క్రీన్ నల్లగానే ఉంటుంది. మీ ప్రాసెసర్‌కు ఏఎండీ చెప్పిన స్పీడు 5200. 6000 అంటే అదీ ఓవర్‌క్లాకే, కాకపోతే ర్యాము కంపెనీ పరీక్షించి ఇచ్చినది. రేపు పొద్దున ఆన్ చేసి టీ పెట్టుకోండి, పది నిమిషాలు ముట్టుకోకండి. డిస్‌ప్లే వచ్చాక బోర్డు కంపెనీ సైటు నుంచి కొత్త బయోస్ వేయించండి. తర్వాత మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ అనే ఆప్షన్ ఆన్ చేస్తే ఒకసారి కొలిచిన లెక్కనే గుర్తుపెట్టుకుని తొందరగా లేస్తుంది. అది ఆన్ చేశాక ఎడిటింగ్ మధ్యలో నీలం తెర వస్తే మళ్లీ ఆఫ్ చేసి, ర్యామును 5600కు తగ్గించండి. మీ పనిలో ఆ తేడా కనబడదు. పెళ్లివాళ్ల ఫుటేజీ మళ్లీ తీయడానికి కుదరదు కదా, అది ముందు చూసుకోండి. మీ 7700లో గ్రాఫిక్స్ భాగం ఉంది కాబట్టి, ఎప్పుడైనా కార్డు మీద అనుమానం వస్తే మానిటర్‌ను బోర్డుకు పెట్టి చూడొచ్చు. పైన కాకినాడ అబ్బాయికి లేని సౌకర్యం మీకు ఉంది.

ప్రశ్న: నాది ఐ5-10400, హెచ్410 బోర్డు. బయోస్‌లో ఎంత వెతికినా మల్టిప్లయర్ పెంచే ఆప్షన్ లేదు. 3200 ర్యాము వేస్తే 2666 అనే చూపిస్తోంది. బయోస్ పాడైందా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పాడవలేదండీ. ఇంటెల్‌లో పేరు చివర కే అక్షరం లేని ప్రాసెసర్‌కు మల్టిప్లయర్ లాక్ చేసి ఉంటుంది. మీ ప్రాసెసర్, మీ బోర్డు కలిసి ర్యామును 2666 దాకానే నడుపుతాయి. 3200ది వేసినందుకు నష్టమేమీ లేదు, తక్కువ స్పీడులో హాయిగా నడుస్తుంది. ఉన్నది ఒక్క ర్యామే అయితే అలాంటిదే ఇంకొకటి రెండో స్లాట్‌లో వేయండి. రెండూ జంటగా నడిస్తే మీరు కోరుకున్న వేగం కొంత అక్కడ దొరుకుతుంది. విండోస్ ఇంకా పాత హార్డ్‌డిస్క్ మీదే ఉంటే మాత్రం ర్యాముకన్నా ముందు ఎస్‌ఎస్‌డీ కొనండి.